అద్దెకిచ్చిన ఫ్లాటు విలువతో సొంత ఇల్లు కొనుక్కోవడం ఎలా?

పదేళ్ల కిందట మియాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో పెట్టుబడిగా ఒక ఫ్లాటు కొని, దానిని అద్దెకిచ్చి, తాము మాత్రం ఆఫీసుకూ పిల్లల బడికీ దగ్గరగా మరోచోట అద్దెకుంటున్న కుటుంబాలు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. విజయవాడలోనూ విశాఖపట్నంలోనూ ఇలాంటివారు కనిపిస్తారు. వీరు తాముండటానికి ఇల్లు చూసుకున్నప్పుడు నెలవారీ కిస్తీ కట్టగలిగే జీతం ఉన్నా, ముందుగా చేతి నుంచి పెట్టవలసిన డబ్బు దగ్గర ఆగిపోతారు. పాత ఫ్లాటును అమ్మకుండానే, అప్పు పోను దానిలో మీకు మిగిలిన విలువపై రుణం తీసుకుని ఆ లోటు పూడ్చుకోవచ్చు. అయితే ఒక మాట ముందుగానే చెప్పాలి. ఈ పద్ధతి లోటు పూడ్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఇంటి ధర మొత్తాన్ని ఇలా సమకూర్చుకోవాలని చూస్తే రెండు ఇళ్లూ ఒకే జీతం మీద వేలాడతాయి. అందుకే కింది క్రమంలో ప్రతి దశలోనూ ఎంత తక్కువ తీసుకుంటే సరిపోతుందన్న ప్రశ్నను దగ్గర ఉంచుకోండి.

1. ఫ్లాటు విలువను బ్యాంకు కళ్లతో లెక్కవేయండి

మీ అపార్టుమెంటులో పక్క ఫ్లాటు ఎంతకు అమ్ముడైందో విని, అందులోంచి మిగిలిన అప్పు తీసివేసి, మిగిలినదంతా వాడుకోవచ్చని అనుకోకండి. బ్యాంకు తన ప్యానెల్‌లోని ఇంజినీరును పంపి వాల్యుయేషన్ చేయిస్తుంది, ఆ విలువ సాధారణంగా బజారు మాట కంటే తక్కువగా ఉంటుంది. దానిపై కూడా పూర్తి రుణం ఇవ్వదు. మార్ట్‌గేజ్ లోన్ అని మనం పిలిచే ఆస్తి తనఖా రుణం చాలాచోట్ల ఆ విలువలో 50 నుంచి 65 శాతం దగ్గర ఆగుతుంది.

ఉదాహరణకు మీ ఫ్లాటు 80 లక్షలు పలుకుతుందని బజారులో అంటున్నారనుకుందాం. బ్యాంకు విలువ 70 లక్షలుగా తేలి, అందులో 60 శాతం వరకే ఇస్తామంటే పరిమితి 42 లక్షలు అవుతుంది. పాత గృహ రుణం ఇంకా 12 లక్షలు ఉంటే, నిజంగా చేతికి రాగలిగేది 30 లక్షలు మాత్రమే. 68 లక్షలు అనుకున్న చోట 30 లక్షలే తేలడం చాలామందికి ఆశాభంగం కలిగిస్తుంది కాబట్టి, ఇల్లు చూడటానికి వెళ్లకముందే ఈ లెక్క వేసుకోండి.

2. నిజంగా ఎంత నగదు కావాలో తేల్చుకోండి

కొత్త ఇంటికి బ్యాంకు ఎంత ఇవ్వవచ్చో రిజర్వు బ్యాంకు పరిమితులు నిర్ణయిస్తాయి. 30 లక్షల వరకు గృహ రుణానికి ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతం వరకే ఇవ్వవచ్చు. 10 లక్షల లోపు ధరగల ఇళ్లను మినహాయిస్తే, ఈ లెక్కలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఇంటి విలువలో కలవవు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇవి అన్నీ కలిపి సుమారు 7.5 శాతం అవుతాయి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు అయితే సాధారణంగా 5 శాతం జీఎస్టీ కూడా తోడవుతుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన తరువాత అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు.

కోటి రూపాయల సిద్ధమైన ఇంటిని తీసుకుందాం. గృహ రుణం 75 లక్షలు వస్తుంది. మిగిలిన 25 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 7.5 లక్షలు, ఫీజులు, చెక్కపని, ఇల్లు మారే ఖర్చులకు కనీసం మరో 2.5 లక్షలు కలిపి 35 లక్షలు మీరు తేవాలి. ఆరు నెలల ఇంటి ఖర్చుకూ కిస్తీలకూ సరిపడా డబ్బును తాకకుండా పక్కన పెట్టిన తరువాత మీ పొదుపులో 15 లక్షలు తీయగలిగితే, లోటు 20 లక్షలు. ఫ్లాటుపై 30 లక్షలు వస్తాయి కదా అని మొత్తం తీసుకోకండి. ఎక్కువగా వచ్చే ఆ 10 లక్షలు కొత్త ఇంటి అలంకరణలోకి జారిపోతాయి, వాటి వడ్డీ మాత్రం 15 ఏళ్లు నిలుస్తుంది.

3. ఏ దారిన తీసుకోవాలో ఎంచుకోండి

ఫ్లాటుపై గృహ రుణం ఇంకా నడుస్తూ, కిస్తీలు తప్పకుండా కట్టిన చరిత్ర ఉంటే, మొదట అదే బ్యాంకును నడుస్తున్న రుణంపై అదనంగా ఇచ్చే టాప్‌అప్ అడగండి. డాక్యుమెంట్లు ఇప్పటికే వారి దగ్గరే ఉంటాయి కాబట్టి పని త్వరగా తెములుతుంది, వడ్డీ రేటు గృహ రుణానికి దగ్గరగా ఉంటుంది. మీ బ్యాంకు ఒప్పుకోకపోతే, లేదా దాని రేటు ఎక్కువగా ఉంటే, పాత రుణాన్ని మరో బ్యాంకుకు మార్చుకుంటూ అక్కడే టాప్‌అప్ తీసుకోవడం రెండో దారి. ఫ్లాటుపై అప్పేమీ లేనప్పుడు మిగిలేది మార్ట్‌గేజ్ లోన్. దీని వడ్డీ గృహ రుణం కంటే సాధారణంగా 1 నుంచి 3 శాతం ఎక్కువ, గడువు 15 ఏళ్ల వరకే ఉండటం పరిపాటి. దీనిని ఓవర్‌డ్రాఫ్ట్ రూపంలో ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. వాడుకున్న మొత్తంపైనే వడ్డీ పడుతుంది కాబట్టి, బిల్డరుకు విడతలుగా కట్టవలసినవారికి అది మేలు.

ఇక నాలుగో దారి, చాలామంది వినడానికి ఇష్టపడనిది, ఫ్లాటును అమ్మివేయడం. దీనిని నేను తప్పనిసరిగా లెక్కవేయమంటాను. ఫ్లాటుకు నెలకు 20,000 అద్దె వస్తుంటే ఏడాదికి 2.4 లక్షలు. ఆస్తి పన్ను, రిపేర్లు, అద్దెదారు మారినప్పుడు ఖాళీగా ఉండే నెలలు తీసివేస్తే 2 లక్షలు మిగలవచ్చు. 80 లక్షలకు అమ్మి 12 లక్షల అప్పు తీర్చితే చేతికొచ్చేది 68 లక్షలు. అంటే 80 లక్షల ఆ ఫ్లాటు ఏడాదికి సుమారు 2.5 శాతం సంపాదిస్తుండగా, మీరు 8 నుంచి 10 శాతం వడ్డీకి అప్పు చేస్తున్నారు. ఫ్లాటు ధర ఏటా కనీసం 5, 6 శాతం పెరుగుతూ పోతేనే దానిని ఉంచుకోవడం గిట్టుబాటు అవుతుంది. మెట్రో పక్కన, భూమి వాటా బాగున్న కొత్త ఫ్లాటుకు ఆ నమ్మకం ఉండవచ్చు. ఇరవై ఏళ్లు దాటి, లిఫ్టు తరచూ చెడిపోతూ, నిర్వహణ ఖర్చు పెరుగుతున్న ఫ్లాటుకు ఉండకపోవచ్చు.

అమ్మకంపై పన్ను భయం ఉంటే అదీ లెక్కలోకి తీసుకోండి. 24 నెలలకు మించి ఉంచుకున్న ఇల్లు అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను ఉంటుంది. 2024 జూలై 23కు ముందు కొన్నదైతే, భారత నివాసులు ద్రవ్యోల్బణ సవరణతో 20 శాతం పద్ధతిలో లెక్కవేసి, రెండింటిలో తక్కువ పన్ను కట్టవచ్చు. ఆ లాభాన్ని నివాస గృహం కొనడానికి వాడితే, ఇన్నాళ్లూ సెక్షన్ 54గా అందరూ పిలిచిన నియమం కింద మినహాయింపు ఉంది. అమ్మకానికి ఏడాది ముందు కొన్న ఇంటికీ, రెండేళ్ల లోపు కొన్న ఇంటికీ అది వర్తిస్తుంది. దీనివల్ల ఒక మధ్యే మార్గం తెరుచుకుంటుంది. ఇప్పుడు ఫ్లాటుపై రుణం తీసుకుని సొంత ఇల్లు కొని, ఏడాది లోపు తొందరపాటు లేకుండా మంచి ధరకు ఫ్లాటు అమ్మి ఆ రుణం తీర్చివేయవచ్చు. నాకు తెలిసిన పద్ధతుల్లో చాలా కుటుంబాలకు నప్పేది ఇదే. అయితే గడువులు కచ్చితమైనవి కాబట్టి అమ్మే ముందు ఆడిటరుతో కూర్చోండి.

4. డాక్యుమెంట్లు సిద్ధం చేసుకోండి

రుణం ఆలస్యమయ్యేదీ ఆగిపోయేదీ ఎక్కువగా ఇక్కడే. సేల్ డీడ్, దానికి ముందున్న లింక్ డాక్యుమెంట్లు, ఆమోదం పొందిన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, తాజా ఆస్తి పన్ను రసీదు, మీ పేరున మ్యుటేషన్ జరిగినట్టు ఆధారం, అద్దె ఒప్పందం, అద్దె జమ అయినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒక ఫైలులో పెట్టుకోండి. ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే ఈసీని (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీరే ముందుగా తీసి చూడండి. ఎప్పుడో తీరిపోయిన పాత తనఖా విడుదల నమోదు కాకుండా అందులో మిగిలిపోయి ఉంటే, బ్యాంకు న్యాయవాది లీగల్ ఒపీనియన్ అక్కడే ఆగుతుంది.

అపార్టుమెంటు కాక విడి ఇల్లయితే మరో చిక్కు ఉంటుంది. రెండంతస్తులకు అనుమతి తీసుకుని పైన పెంట్‌హౌస్ కట్టి అద్దెకివ్వడం మన ఊళ్లలో మామూలు. అద్దె మూడు అంతస్తుల నుంచీ వస్తున్నా, అనుమతి లేని అంతస్తుకు బ్యాంకు విలువ కట్టదు. నోటరీ కాగితాలపై చేతులు మారిన స్థలాలపై, అసైన్డ్ భూములపై, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబర్లపై రుణం ఆశించకండి.

ఫ్లాటు ఎవరి పేరున ఉందన్నది కూడా ముందే చూడండి. భార్య పేరున ఉంటే ఆమె, ఇద్దరి పేరున ఉంటే ఇద్దరూ రుణంలో భాగస్వాములుగా సంతకం చేయాలి. తండ్రి పేరునే ఉండిపోయి, ఆయన వీలునామా రాయకుండా మరణించి ఉంటే, వారసుల మధ్య పంపకం రిజిస్టరు అయ్యేవరకు ఈ దారి మూసుకున్నట్టే. యజమానుల్లో ఒకరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే, పవర్ ఆఫ్ అటార్నీని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేసి పంపాలి. అది భారతదేశానికి చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. బ్యాంకులు తమకు నచ్చిన నమూనా అడుగుతాయి కాబట్టి, ముందు నమూనా తీసుకుని తరువాతే రాయించండి.

అద్దెదారుకు ముందుగా చెప్పండి. వాల్యుయేషన్ ఇంజినీరు లోపలికి వచ్చి కొలతలు, ఫొటోలు తీసుకుంటారు. చెప్పకుండా ఎవరో వచ్చి ఇల్లు కొలుస్తుంటే, ఇల్లు అమ్ముతున్నారని అద్దెదారు బెంబేలెత్తి వేరే ఇల్లు చూసుకునే అవకాశం ఉంది. మీకు అద్దె అత్యవసరమైన సమయంలో ఫ్లాటు ఖాళీ అవుతుంది. ఫ్లాటు హాస్టలుగానో ఆఫీసుగానో నడుస్తుంటే కొన్ని బ్యాంకులు వెనుకాడతాయి, ఆ సంగతి దాచకుండా మొదటే అడగండి.

5. కిస్తీల భారాన్ని పరీక్షించుకోండి

మన ఉదాహరణలో కొత్త ఇంటి 75 లక్షలకు 8 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలకు సుమారు 62,700 కిస్తీ అవుతుంది. ఫ్లాటుపై కొత్తగా తీసుకున్న 20 లక్షలకు 10 శాతంతో 15 ఏళ్లకు సుమారు 21,500. పాత 12 లక్షలు మరో పదేళ్లు నడిచేదైతే 8 శాతంతో సుమారు 14,600. మొత్తం 98,800. దీనికి ఎదురుగా అద్దె 20,000 వస్తుంది, మీరు ఇప్పుడు కడుతున్న అద్దె మిగులుతుంది. కిస్తీలన్నీ చేతికందే ఆదాయంలో సగం దాటకూడదని బ్యాంకులు చూస్తాయి, కొన్ని మరికాస్త సడలిస్తాయి. అద్దెలో కూడా కొంత భాగాన్నే, అదీ ఖాతాలో జమ అవుతున్నట్టు కనిపిస్తేనే, ఆదాయంగా లెక్కిస్తాయి. అంటే ఈ కుటుంబానికి నెలకు 2 లక్షలకు దగ్గరగా రాబడి ఉండాలి. భార్యాభర్తలిద్దరి జీతాలూ కలిస్తేనే ఈ అంకె వస్తుంటే, ప్రసవమో ఉద్యోగ మార్పో ఒక జీతాన్ని కొన్నాళ్లు ఆపవచ్చునన్న సంగతి కూడా ఆలోచించండి.

అంతటితో ఆగకండి. వడ్డీ రేటు ఒక శాతం పెరిగితే పై మూడు కిస్తీలూ కలిసి నెలకు సుమారు 6,600 పెరుగుతాయి. అదే ఏడాది ఫ్లాటు రెండు నెలలు ఖాళీగా ఉంటే 40,000 అద్దె పోతుంది. ఈ రెండూ ఒకేసారి వచ్చినా పొదుపును తోడకుండా గడవగలిగితేనే ముందుకు వెళ్లండి. గడవదంటే చిన్న ఇల్లు చూసుకోవడమో, ఫ్లాటు అమ్మడమో మంచిది. కిస్తీ 90 రోజులకు మించి బాకీ పడితే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. ఆ తరువాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, తనఖాలో ఉన్న ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకోవచ్చు. ఈ ఏర్పాటులో తనఖాలో ఉండేది ఒక ఇల్లు కాదు, రెండూ.

కొత్త ఇంటికి రుణం ఇచ్చే బ్యాంకుకు మీ వంతు డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదో నిజం చెప్పండి. ఫ్లాటుపై తీసుకున్న రుణం మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికలో ఎలాగూ కనిపిస్తుంది. మంజూరైన తరువాత బయటపడితే మొత్తం వ్యవహారం చివరి వారంలో ఆగిపోతుంది. వీలైతే రెండు రుణాలూ ఒకే బ్యాంకులో, ఒకే సమయంలో అడగండి.

6. పన్ను లెక్కలో ఏ అప్పు దేనికో గమనించండి

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఫ్లాటును తనఖా పెట్టాము కాబట్టి ఈ కొత్త రుణం వడ్డీని ఫ్లాటు అద్దెలోంచి తీసివేసుకోవచ్చని అనుకుంటారు. ఆదాయపు పన్ను చట్టం ఏ ఇంటిని తనఖా పెట్టారని చూడదు, ఆ డబ్బుతో ఏ ఇంటిని కొన్నారని చూస్తుంది. 24(బి)గా అలవాటైన ఈ నియమం, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో సెక్షను సంఖ్య మారినా, సూత్రంలో మారలేదు. కాబట్టి 20 లక్షల రుణంపై వడ్డీ మీరు ఉండే ఇంటి ఖాతాలోకే వెళుతుంది. పాత పన్ను విధానంలో ఆ ఇంటికి ఏడాదికి 2 లక్షల వరకే తగ్గింపు ఉంటుంది, 75 లక్షల రుణానికి మొదటి ఏడాదే సుమారు 6 లక్షల వడ్డీ అవుతుంది కాబట్టి ఆ పరిమితి ఎప్పుడో నిండిపోతుంది. కొత్త విధానంలోనైతే ఉండే ఇంటి వడ్డీకి తగ్గింపే లేదు.

దీనికి భిన్నంగా, ఫ్లాటు కొనడానికి తీసుకున్న పాత 12 లక్షల రుణంపై వడ్డీ రెండు విధానాల్లోనూ అద్దె ఆదాయంలోంచి తగ్గుతుంది. మీరు కట్టిన ఆస్తి పన్నును, మిగిలినదానిలో 30 శాతాన్ని కూడా తగ్గించుకోవచ్చు. అందువల్ల పొదుపు డబ్బుతో ఫ్లాటు పాత అప్పు తీర్చేసి, తరువాత అదే ఫ్లాటుపై కొత్త రుణం తెచ్చుకోవడం తెలివైన పని కాదు. పాత అప్పును అలాగే ఉంచి, పొదుపును నేరుగా కొత్త ఇంటికి పెట్టండి. టాప్‌అప్ తీసుకునేటప్పుడు అది పాత రుణంలో కలిసిపోకుండా వేరే ఖాతాగా ఉంచమనండి. వడ్డీ సర్టిఫికెట్లు విడివిడిగా వస్తేనే రేపు లెక్క చూపగలరు.

7. అడ్వాన్సు, మంజూరు, చెల్లింపు: ఈ వరుస తప్పకండి

ఫ్లాటుపై రుణం మంజూరు పత్రం చేతికి రాకముందు కొత్త ఇంటికి పెద్ద మొత్తం అడ్వాన్సు ఇవ్వకండి. టోకెన్‌గా కొంత ఇచ్చి, సేల్ అగ్రిమెంటులో రెండు షరతులు రాయించండి. ఆ ఇంటి లీగల్ ఒపీనియన్ అనుకూలంగా రాకపోయినా, బ్యాంకు రుణం నిరాకరించినా అడ్వాన్సు తిరిగి ఇవ్వాలన్నది ఒకటి. చెల్లింపుకు మీ రుణాలు రెండూ విడుదలయ్యేంత గడువు ఉండాలన్నది రెండోది. 45 రోజుల్లో రిజిస్ట్రేషన్ అని అమ్మేవారి ఒత్తిడికి ఒప్పుకుని, లింక్ డాక్యుమెంటు ఒకటి దొరకక, చేతిబదులు అప్పులకు పరుగెత్తే పరిస్థితి తెచ్చుకోకండి.

బ్యాంకు ఇచ్చే కీలక వివరాల పత్రాన్ని తప్పక చదవండి. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ రుణాలన్నింటికీ దీనిని ఇవ్వడం తప్పనిసరి. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్ ఖర్చులు, రుణంతో కలిపి అంటగట్టే బీమా ప్రీమియం అన్నీ చేరిన అసలు వార్షిక వ్యయం అందులో ఒకే శాతంగా కనిపిస్తుంది. రెండు బ్యాంకులను పోల్చవలసింది ఆ శాతంతోనే. రేటు ఫ్లోటింగ్‌లోనే ఉండేలా చూసుకోండి. వ్యాపారానికి కాని ఫ్లోటింగ్ రుణాన్ని వ్యక్తులు ముందే తీర్చితే బ్యాంకులు జరిమానా వేయకూడదు. రుణ పత్రాల్లో మీ రుణ ఉద్దేశం ఇల్లు కొనుగోలు అనే రాసి ఉండాలి. ఏజెంటు అలవాటుగా వ్యాపార అవసరం అని నింపితే అక్కడే దిద్దించండి.

డబ్బు విడుదలయ్యాక అది మీ ఖాతా నుంచి నేరుగా అమ్మేవారి ఖాతాకు వెళ్లాలి. మధ్యలో బావమరిది ఖాతాకో ఫిక్సెడ్ డిపాజిట్‌కో తిప్పితే, ఈ రుణంతోనే ఇల్లు కొన్నారని రుజువు చేయడం కష్టమవుతుంది. ఇంటి ధర 50 లక్షలు లేదా అంతకు మించితే, చెల్లింపులోంచి 1 శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టే బాధ్యత కొనేవారైన మీదే. అమ్మేవారు ప్రవాస భారతీయులైతే ఈ రేటు వర్తించదు, చాలా ఎక్కువ పట్టుకోవలసి ఉంటుంది. అందుకే వారి నివాస స్థితిని అగ్రిమెంటులోనే రాయించుకోండి.

8. తరువాత

అద్దె ఏ ఖాతాలో పడుతుందో, ఫ్లాటు కిస్తీలు ఆ ఖాతా నుంచే పోయేలా ఏర్పాటు చేసుకోండి. బోనస్ వచ్చినా, చిట్టీ పాడినా, ముందుగా 10 శాతం వడ్డీ పడే 20 లక్షల రుణాన్ని తగ్గించండి. దాని వడ్డీ అన్నింటికంటే ఎక్కువ, పన్నులోనూ ఏ ఊరటా ఇవ్వదు. మూడు రుణాల మొత్తానికి సరిపడే టర్మ్ ఇన్సూరెన్స్ ఇంట్లో సంపాదించేవారి పేరున విడిగా తీసుకోండి.

ఫ్లాటుపై రుణాలు తీరిన రోజున పని పూర్తయిందనుకోకండి. ఒరిజినల్ డాక్యుమెంట్లను బ్యాంకు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం చెల్లించాలి. వాటిని లోపల పెట్టేముందు ప్రతి లింక్ డాక్యుమెంటూ వచ్చిందో లేదో, తనఖా పెట్టినప్పుడు బ్యాంకు ఇచ్చిన జాబితాతో సరిచూసుకోండి. తరువాత సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో తనఖా విడుదలను నమోదు చేయించి, కొత్త ఈసీ తీసి, అందులో ఆ విడుదల కనిపిస్తున్నదని చూసుకోండి.